సైకిల్‌ని గుద్ది బండి పారిపోతే: బరంపురంలో కేసు ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

బరంపురంలో మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, ఒడియా రాయగలిగినవాళ్లు తక్కువ. నాకు రాయడం వచ్చు. అందుకని సైకిల్‌ని ఏ బండో గుద్ది పారిపోయినప్పుడల్లా అర్జీ రాయమని నా దగ్గరికి వస్తారు. పాలవాళ్లు వచ్చారు, మగ్గం పనివాళ్లు వచ్చారు, ట్యూషన్ పిల్లల తండ్రులు వచ్చారు. ఈ మధ్య హెల్మెట్లు పెట్టుకుని తెల్లవారుజామున హైవే మీద తొక్కే కుర్రాళ్లూ వస్తున్నారు.

108, 112 సంగతి మీకు తెలుసు. నేను "పోలీసులు పట్టించుకోవట్లేదు" అన్న మాట దగ్గర మొదలుపెడతాను. అది నిజమైన సందర్భాలు బోలెడున్నాయి. కానీ ముందు సంచిలో ఉన్న కాగితాలు తీసి చదవండి బాబూ. చదవకుండానే థానా చుట్టూ తిరుగుతారు.

"రాసుకున్నారు, నెలైనా ఎవరూ రాలేదు"

చేతిలో ఉన్నది ఎఫ్ఐఆరేనా? నెంబరు ముందు ఎస్‌డీ అని ఉంటే అది స్టేషన్ డైరీలో రాసుకున్న పద్దు. ఎఫ్ఐఆర్ కాదు, దాని మీద దర్యాప్తు నడవదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ చెబుతోంది, అడిగి తీసుకోండి. "బండి నెంబరు కనుక్కుని రండి" అని పంపేస్తే వెనక్కి రాకండి. గుర్తుతెలియని బండి అని రాసి కూడా కేసు కట్టొచ్చు. ఐఐసీ, అంటే థానా ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టరు, కాదంటే అదే అర్జీని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. బరంపురం పోలీసు జిల్లాకి ఒక ఎస్పీ, ఛత్రపురంలో గంజాం పోలీసు జిల్లాకి ఇంకో ఎస్పీ ఉన్నారు. మీ థానా ఎవరి కిందకి వస్తుందో చూసుకుని కవరు మీద పేరు రాయండి.

"ఎఫ్ఐఆర్ ఉంది, కానీ 'మీవాడే పడ్డాడు కదా' అంటున్నారు"

దీనికి నేనే బలయ్యాను.

మా బాబాయి పాల క్యాన్లతో వస్తుంటే వెనక నుంచి ఒక మినీ వ్యాను గుద్దేసి పోయింది. తుంటి విరిగింది. దారిన పోయే ఒకాయన ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చాడు. ఆయన పుణ్యమా అని ప్రాణం దక్కింది. డ్యూటీ డాక్టరు ఏమైందని ఒడియాలో అడిగితే ఆయన కంగారులో మన భాషలోనే "గుద్దితే పడిపోయాడండీ" అన్నాడట. పడిపోయాడు అనడానికి ఒడియాలో "పడిగలా" అంటారు. డాక్టరు చెవికి "గుద్దితే" ఎక్కలేదు, "పడి" ఎక్కింది. చీటీ మీద ఇంగ్లీషులో "ఫాల్ ఫ్రమ్ సైకిల్" అని రాసేశాడు.

ఈ సంగతి మాకు మూడో నెలలో తెలిసింది. దర్యాప్తు చేసే ఎస్సై ఆ చీటీ నా ముందు పెట్టి "ఇందులో బండి ఎక్కడుంది, చూపించు" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని తిట్టుకుంటూ తిరిగాను. నాలుగు పేజీల అర్జీ ముచ్చటగా రాసినవాణ్ణి, అరపేజీ చీటీ చదవలేదు.

ఆ మొదటి వాక్యం అక్కడితో ఆగదు. కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది, డిశ్చార్జి సమ్మరీలోకి దిగుతుంది, పోలీసులు అడిగినప్పుడు ఇచ్చే గాయాల రిపోర్టులోనూ అదే తేలుతుంది. పైగా తనంతట తాను పడ్డాడని రాస్తే ఎమ్మెల్సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు, కట్టకుండా వదిలేయొచ్చు, అప్పుడు ఆసుపత్రి నుంచి థానాకి కబురే వెళ్లదు. ఆ తర్వాత మీరు బండి గుద్దిందంటే డబ్బు కోసం అల్లిన కథలా కనిపిస్తుంది. ఇన్సూరెన్సు లాయరుకి ఇంతకన్నా ఏం కావాలి?

భాష ఒక్కటే కారణం కాదు. పోలీసు గొడవ మనకెందుకని కావాలనే "పడ్డాడు" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. గాయపడినవాణ్ణి చేర్చినవాళ్లని కేసుల్లో ఇరికించకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. అది వాళ్లకి చెప్పండి.

క్యాజువాల్టీ బల్ల దగ్గర ఒక్క ఒడియా ముక్క చాలు: "గాడి ధక్కా దేఇ పళాఇగలా." బండి గుద్ది పారిపోయిందని అర్థం. మీ ఇంట్లో పదేళ్ల పిల్లకి కూడా నేర్పండి. చీటీ చేతికి రాగానే దాని మీద ఆర్టీఏ (రోడ్ ట్రాఫిక్ యాక్సిడెంట్) అన్న మూడక్షరాలు ఉన్నాయా లేదా చూసి, అక్కడే ఫొటో తీసుకోండి.

తప్పు ఇప్పటికే పడిపోయిందా? కొట్టేసి మళ్లీ రాయమని డాక్టరు కాళ్లావేళ్లా పడకండి. దిద్దిన చీటీ దిద్దని చీటీకన్నా ప్రమాదం. గాయపడినవాడే ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఒక దరఖాస్తు పెట్టాలి: నన్ను తెచ్చినాయన ప్రమాదం చూడలేదు, లేదా ఆయనకి ఒడియా రాదు, నన్ను బండి గుద్దింది, ఈ దరఖాస్తు నా కేస్ షీట్‌తో జతచేయండి అని. ముద్ర వేయించుకున్న కాపీ దర్యాప్తు అధికారికి ఇవ్వాలి. చేర్చినాయన ఒప్పుకుంటే ఆయన వాంగ్మూలం కూడా ఇప్పించండి. మా బాబాయి కేసు మళ్లీ కదిలింది ఇలాగే.

ఇంకోటి, సైకిల్‌ని బాగుచేయించకండి. తనంతట తాను పడిన సైకిల్‌కి హ్యాండిల్ తిరుగుతుంది, పెడలు గీసుకుంటుంది, ఒక పక్క రంగు పోతుంది. వెనక నుంచి గుద్దిన సైకిల్‌కి క్యారియర్ మడత పడుతుంది, వెనక మడ్‌గార్డు సీటు కిందకి దూరుతుంది, రిమ్ము వంకర పోతుంది, ఒక్కోసారి గుద్దిన బండి రంగు కూడా అంటుకుంటుంది. చీటీ అబద్ధం చెప్పినా వెనక చక్రం చెప్పదు. మా బాబాయి సైకిల్‌ని ఆయన బావమరిది ప్రేమతో రెండో రోజే షాపులో ఇచ్చి కొత్త రిమ్ము వేయించాడు. ఏమనగలం?

"నెంబరు చెప్పినా బండి దొరకలేదు"

చూసిన నాలుగంకెల మీదే అందరూ ఒట్టేస్తారు, ముందున్న అక్షరాలు మాత్రం గుర్తుండవు. ఓడీ 07 అయితే గంజాం బండి. ఏపీ 30 అయితే శ్రీకాకుళం. ఏపీ 39 చూసి శ్రీకాకుళం బండే అని అర్జీలో రాయకండి, ఆ సిరీస్‌ని 2019లో రాష్ట్రమంతటికీ కలిపి మొదలుపెట్టారు. ఏది చూశారో అదే రాయండి, ఊహలు వద్దు. సీసీ కెమెరా డీవీఆర్ నిండగానే పాత రికార్డు చెరిగిపోతుంది, చిన్న షాపుల్లో వారానికే పోవచ్చు. షాపువాడు మీకు ఇవ్వనంటే గొడవపడకండి. ఏ షాపు, ఏ టైము, కెమెరా ఎటు చూస్తోంది అన్నది రాసి ఆ రోజే థానాలో ఇచ్చి రసీదు తీసుకోండి.

మిగతావి అరుదు. మా హద్దు కాదని థానావాళ్లంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అది ఏ థానాలోనైనా రాసుకుని అసలు థానాకి పంపేది. గిరిసోల దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వైపు జరిగినా అంతే. గుద్ది పారిపోతే పదేళ్ల జైలని డ్రైవరు ఇంటివాళ్లని బెదిరించడం మానేయండి. ఆ శిక్ష చెప్పే 106(2) సెక్షన్‌ని పక్కన పెట్టే 2024 జూలై 1న ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో మిగతాదాన్ని అమల్లోకి తెచ్చారు.

"బండి ఇక దొరకదు అంటున్నారు"

అయితే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద పరిహారం అడగండి. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500 ఉండేది. ఎముక విరిగితే తీవ్ర గాయమే. దరఖాస్తు సబ్ కలెక్టర్ లేదా తహసీల్దార్ ఆఫీసులో ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టరు. నెలలో బండి జాడ తెలియకపోతే ఈ పరిహారం సంగతి బాధితులకి రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులని ఆదేశించింది. ఆ లేఖ మీకు రాలేదా, అడగండి. తర్వాత ఎప్పుడైనా బండి దొరికి మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పరిహారం వస్తే ఈ డబ్బు అందులోంచి తిరిగి కట్టాలి. దరఖాస్తుతో ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ కాపీ జతచేస్తారు కదా, ఆ ఆసుపత్రి కాగితాల్లో మొదటి చీటీ ఇంకోసారి చదవండి.