ఇయర్‌బడ్స్‌కి వచ్చినవాళ్లు, పుస్తకాలకి వచ్చినవాళ్లు

నా మొదటి కథల సంపుటి వచ్చిన ఏడాది, కథలు మెయిల్‌లో పంపే పాఠకుల ఈమెయిల్ లిస్టు పెంచుకుందామని ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ లక్కీ డ్రా పెట్టాను. వారంలో నాలుగు వందల పైచిలుకు పేర్లొచ్చాయి. ఉబ్బితబ్బిబ్బయ్యాను. డ్రా అయిన మర్నాడు కొత్త కథ పంపితే తెరిచి చూసింది పాతికమంది. ఒకాయనైతే "ఎవరండీ మీరు?" అని తిరిగి రాశాడు.

రెండోసారి తెలుగు కథ చదివేవాడికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేని బహుమతి పెట్టాను. ఐదు కథా సంపుటాలు. నాది ఒక్కటే, మిగతా నాలుగూ సాటి రచయితలవి, అన్నిటి మీదా సంతకాలు. మీరూ ఇలా అడిగి తీసుకోండి. ఇచ్చినవాళ్లు తమ పాఠకులకి కూడా డ్రా సంగతి చెప్తారు.

చోటు హైదరాబాద్ బుక్ ఫెయిర్. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో స్నేహితుడి స్టాల్ మూలన ఓ స్టీలు డబ్బా, చీటీల కట్ట పెట్టుకున్నాను. అసలు తిప్పలు మెయిల్ ఐడీ దగ్గరే. మొదటిరోజు చీటీల్లో ఒకటో ఏడో, ఇంగ్లీషు 'O' అక్షరమో సున్నానో తేలక పదకొండు పక్కన పడేశాను. మర్నాటి నుంచి చీటీ చేతికివ్వగానే పైకి చదివి వినిపించాను. ఒక పెద్దాయన "మెయిలంటే మా మనవడిది రాయనా బాబూ?" అన్నారు. వాడు కథలు చదువుతాడా అనడిగాను. "వాడికి తెలుగు రాదు, నాకు ప్రింటు తీసిస్తాడు" అన్నారు. రాయించుకున్నాను. ఆ మెయిల్ నుంచి ఇప్పుడు ప్రతి కథకీ ఇంగ్లీషక్షరాల్లో తెలుగు జవాబొస్తుంది.

చీటీలో "నెలకో కథ మెయిల్ చేయనా?" అని టిక్ పెట్టే గడి ఉండాలి. టిక్ పెట్టనివాళ్లని డ్రాలో ఉంచండి, లిస్టులో కలపకండి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టమూ ముందు అనుమతి అడగమనే అంటుంది. పుస్తకం కొంటేనే చీటీ అని మాత్రం పెట్టొద్దు. డబ్బు కట్టించుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ లెక్కలోకి పోతుంది. ఫలితం అందరికీ చెప్పండి. 2019 వినియోగదారుల చట్టంలో దాన్ని దాచడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది.

మొదటి మెయిల్ చీటీ వేసిన రాత్రికే వెళ్లాలి, "స్టాల్ మూలన స్టీలు డబ్బా పెట్టుకున్నవాణ్ణి" అని గుర్తుచేస్తూ. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి పంపనివ్వదు. జనం పెరిగేకొద్దీ ఒకేసారి చాలామందికి మెయిల్ పంపిపెట్టే న్యూస్‌లెటర్ సర్వీసుకి మారండి, వద్దనుకున్నవాళ్లు తప్పుకునే లింకు దాంట్లోనే ఉంటుంది. డ్రా తర్వాత కొందరు తప్పుకుంటారు, పోనివ్వండి.

గెలిచినావిడది నిజామాబాద్. మూడు రోజులు మెయిలే చూడలేదు, నా దగ్గర ఆవిడ ఫోన్ నంబరు లేదు. ఈసారి చీటీలో ఆ గడి కూడా పెడుతున్నాను, "పార్సిల్ కోసం మాత్రమే" అని పక్కన రాసి.