చలివేంద్రం పెడితే జూన్ దాకా నడపండి

ఎండలు ముదిరాయంటే ప్రతి సెంటర్లో చలివేంద్రాలు వెలుస్తాయి. కొబ్బరికాయ కొడతారు, మజ్జిగ పంచుతారు, ఫొటోలు దిగుతారు. పది రోజులు తిరిగేసరికి పందిరి ఉంటుంది, ఫ్లెక్సీ ఉంటుంది, కుండలో చుక్క ఉండదు. దాహంతో అంత దూరం నడిచొచ్చి ఖాళీ కుండలోకి తొంగిచూసిన మనిషి మొహం నేను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను. నరసరావుపేటలో మా వీధి మొదట్లో నాలుగైదు ఇళ్లవాళ్లం కలిసి ఐదు వేసవులుగా ఒక చిన్న చలివేంద్రం నడుపుతున్నాం. మా పల్నాడు ఎండల సంగతి తెలిసిందేగా, రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వినేదే. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పనిచేయక తప్పని కూలీలు. సమయానికి నీళ్లూ కాస్త నీడా దొరకడం వీళ్లకి ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

ముందు చోటు చూసుకోండి. జనం ఆగే చోట ఉండాలి: ఆటో స్టాండు, బస్సు కోసం నిలబడే మలుపు, మార్కెట్ గేటు. అక్కడ చెట్టు ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే తాటాకులో కొబ్బరాకులో వేసి పందిరి వేయించండి. టార్పాలిన్ కడితే కింద ఉడికిపోతుంది, నీళ్లూ వేడెక్కుతాయి.

కుండలు కొనగానే నీళ్లు పోసి ఒక రోజంతా నాననిచ్చి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపాలి, అప్పుడే మట్టివాసన తగ్గుతుంది, పగుళ్లుంటే బయటపడతాయి. కింద ఇసుక పోసి తడిపి, కుండ చుట్టూ గోనెసంచి చుట్టి దాన్నీ తడుపుతూ ఉండండి. కుండ ఒంట్లోంచి చెమర్చిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, చల్లదనమంతా దానివల్లే. అందుకే మా వైపు పొడి ఎండల్లో కుండనీళ్లు భలే చల్లబడతాయి, సముద్రం పక్కన ఉక్కపోత ఊళ్లలో అంతగా చల్లబడవు. అలాంటి చోట నీడా గాలీ బాగా ఆడే చోటు వెతుక్కోవడం ఇంకా ముఖ్యం. మూత తప్పనిసరి. ఎవరూ చెయ్యి ముంచకుండా కొళాయి బిగించిన కుండలు దొరుకుతున్నాయి, రెండొందలు ఎక్కువైనా అవే కొనండి. రోజూ పొద్దున్నే అడుగున మిగిలిన నీళ్లు చెట్లకి పోసి, కుండ లోపల పీచుతో తోమి నింపాలి. సబ్బు వాడకండి, మట్టి దాన్ని పీల్చుకుంటుంది.

ఎన్ని నీళ్లు కావాలి అని అందరూ అడుగుతారు. మాకు మేలో రోజుకి 12 క్యాన్లు పడతాయి, అంటే 240 లీటర్లు. పొద్దున ఆరింటికల్లా నింపాలి, పారిశుధ్య కార్మికులు అప్పటికే రెండు గంటలు ఊడ్చి ఉంటారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక మళ్లీ చూడాలి, అసలు ఖాళీ అయ్యేది అప్పుడే. ఎవరి రోజు ఏదో ఒక నోట్‌బుక్‌లో పేర్లు రాసి గోడకి తగిలించండి. "అందరం చూసుకుందాం" అనుకున్న పని ఎవరూ చూడరు, మొదటి ఏడు మా అనుభవం అదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. నీళ్లు ఎలా ఇస్తున్నారో చూసుకోండి. మూడో వేసవిలో అనుకుంటా, రోడ్లు ఊడ్చే పెద్దాయన ఒకాయన వచ్చి, పక్కనే గ్లాసుల దొంతర ఉన్నా, రెండడుగులు వెనక్కి జరిగి దోసిలి పట్టాడు. పైనుంచి పోస్తారని ఆయన అలవాటు. ఆ అలవాటు ఆయనకి ఎవరు చేశారో మనందరికీ తెలుసు. ఊరందరి చెరువులో దళితులు నీళ్లు తాగే హక్కు కోసం అంబేడ్కర్ 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సొచ్చింది, దాదాపు నూరేళ్లయినా ఆ దోసిలి ఇంకా ముందుకు వస్తూనే ఉంది. "గ్లాసు తీసుకో బాబాయ్" అని చేతికిచ్చాను. తాగి, గ్లాసు కడిగిపెట్టబోతే వద్దన్నాను, అందరి గ్లాసులూ మేమే కడుగుతున్నాం కదా. అప్పట్నుంచి మా దగ్గర ఒకటే నియమం, ఎవరొచ్చినా స్టీలు గ్లాసే, చేతికే ఇవ్వాలి. ఒకరికి డిస్పోజబుల్, ఒకరికి స్టీలు అనేది ఉండకూడదు.

ఇంకో సంగతి. మిరపకోతలకి వెళ్లొచ్చే ఒక అవ్వ రెండు గుక్కలు తాగి, అటూ ఇటూ చూసి, కొంగు చాటున చిన్న సీసా నింపుకుంది, దొంగతనం చేస్తున్నట్టు. ప్రాణం చివుక్కుమంది. మర్నాడే "సీసాలు కూడా నింపుకోండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం. చదవలేనివాళ్లకి నోటితో చెప్పాలి. ఆడవాళ్లు చాలామంది అసలు నీళ్లే తాగరు, ఎందుకంటే పనిచేసే చోట బాత్రూమ్ ఉండదు. పొద్దంతా ఆపుకుని మూత్రంలో మంటలతో బాధపడేవాళ్లు ఎంతమందో! అందుకని దగ్గర్లో ఒక షాపువాళ్లనో గుడివాళ్లనో అడిగి ఒప్పించి, "అక్కా, బాత్రూమ్ ఫలానా చోట ఉంది" అని మెల్లగా చెప్పండి. నన్నడిగితే మజ్జిగ కంటే ఇదే పెద్ద సాయం.

మజ్జిగ పోయగలిగితే మంచిదే. లీటరు పెరుగుకి నాలుగైదు లీటర్ల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మకాయ. పదకొండింటికి కలిపి ఒంటిగంటకల్లా పంచేయండి, పులిసింది ఎవరికీ పోయకండి.

ఎవరైనా కళ్లు తిరుగుతున్నాయంటే నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో మెడ, చంకలు, నుదురు తుడుస్తూ విసరండి. స్పృహలో ఉండి మింగగలిగితే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. అది దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కొలిచి కలపండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒళ్లు తడుపుతూనే ఉండండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పక్షులకీ కుక్కలకీ నేలమీద ఒక వెడల్పాటి మట్టిపళ్లెం పెట్టి, రోజూ నీళ్లు మార్చండి, దోమలు చేరవు.

మార్చి చివర్లో మొదలుపెట్టి వానలు పడేదాకా నడపాలి. మే చివర్లో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండలవి, సరిగ్గా అప్పటికే చాలామంది అలిసిపోయి ఆపేస్తారు. డబ్బులు తక్కువుంటే ఏప్రిల్‌లో మజ్జిగ మానేసి అవి మే నీళ్లకి దాచుకోండి. సీజన్ అయ్యాక పాత కుండలు దాచకండి, చెమర్చే రంధ్రాలు పూడుకుపోయి మరుసటేడు చల్లబడవు, మొక్కలు పెట్టుకోండి. కొత్తవాటికి సంక్రాంతి కాగానే కుమ్మరి దగ్గరికెళ్లి అడ్వాన్సు ఇచ్చేయండి, ఏప్రిల్‌లో అడిగితే సరిగా కాలని కుండలే మిగులుతాయి.