బ్యాకప్ మెయిల్ సర్వర్ పెట్టుకోవడం ఎలా?

మెయిల్ సర్వర్ పడిపోతే ఆ పూట రావాల్సిన మెయిళ్లన్నీ పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. పోవు. పంపే సర్వర్ వాటిని తన క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని మెయిల్ రవాణా నియమాలు చెప్పే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 అంటోంది. కానీ అందరూ అంత ఓపిక పట్టరు. సెలవుల్లో సర్వర్ ఆగితే చూసే దిక్కులేని చిన్న ఆఫీసుకి బ్యాకప్, అంటే ఆలోగా మెయిళ్లు తీసుకుని దాచి అసలు సర్వర్ లేచాక అందించే రెండో సర్వర్, పనికొస్తుంది. గంటసేపు రీస్టార్ట్ కోసమైతే దండగ.

లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో ఎలాగో చూద్దాం.

1. బ్యాకప్‌ను వేరే డేటా సెంటర్‌లో, వీలైతే వేరే కంపెనీ దగ్గర పెట్టండి. చాలా క్లౌడ్ కంపెనీలు సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి అయిన పోర్ట్ 25ని బయటికి మూసేస్తాయి. డబ్బు కట్టకముందే అడగండి.

2. మీ డొమైన్ డీఎన్ఎస్‌లో రెండు ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) ఉండాలి: అసలు సర్వర్‌కి 10, బ్యాకప్‌కి 20. చిన్న అంకెకే ముందు ప్రాధాన్యం. ఎంఎక్స్‌లో ఐపీ అడ్రస్ రాయకూడదు, సీనేమ్ (మరో పేరుకి మారుపేరు) కూడా పనికిరాదు.

3. బ్యాకప్‌లోని పోస్ట్‌ఫిక్స్ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో మీ డొమైన్‌ను 'రిలే డొమైన్స్'లో చేర్చండి. 'మై డెస్టినేషన్'లో మాత్రం వద్దు. అక్కడ ఉంటే మెయిల్ తనకే వచ్చిందనుకుని, అలాంటి యూజర్ లేడని తిప్పికొడుతుంది. బ్యాకప్ నాట్ (లోపలి ఐపీని పబ్లిక్ ఐపీగా మార్చే ఏర్పాటు) వెనక ఉంటే దాని పబ్లిక్ ఐపీని 'ప్రాక్సీ ఇంటర్‌ఫేసెస్'లో రాయండి. లేకపోతే మెయిల్ తనకు తానే పంపుకునే ప్రమాదం ఉంది.

4. అసలు కిటుకు ఇక్కడుంది. 'రిలే రెసిపియెంట్ మ్యాప్స్'లో మీ డొమైన్‌లో నిజంగా ఉన్న అడ్రస్‌ల జాబితా ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాకప్ ఏ పేరుకి వచ్చినా తీసుకుంటుంది, అసలు సర్వర్ కాదంటుంది. అప్పుడు బ్యాకప్ 'మెయిల్ చేరలేదు' అనే జవాబును (బౌన్స్) పంపినవాళ్లుగా రాసి ఉన్న అడ్రస్‌కి పంపుతుంది. స్పామ్‌లో ఆ పేరు దొంగది కాబట్టి సంబంధం లేనివాళ్ల ఇన్‌బాక్స్ నిండుతుంది, మీ ఐపీ బ్లాక్‌లిస్ట్‌కి ఎక్కుతుంది. బ్యాకప్‌లో కాపలా తక్కువని స్పామర్లకు తెలుసు. అసలు సర్వర్ బాగానే నడుస్తున్నా ఈ దొడ్డిదారినే వస్తారు. కాబట్టి జాబితాను క్రాన్‌తో (వేళకి పనులు నడిపే లినక్స్ టూల్) రోజూ అసలు సర్వర్ నుంచి తెప్పించుకోండి, స్పామ్ ఫిల్టర్లు రెండుచోట్లా ఒకేలా పెట్టండి. ఈ ఓపిక లేకపోతే బ్యాకప్ లేకపోవడమే మేలు.

5. అసలు సర్వర్‌లో బ్యాకప్ ఐపీకి ఎస్‌పీఎఫ్ తనిఖీ (పంపే సర్వర్‌కి ఆ డొమైన్ అనుమతి ఉందా అని చూడటం), గ్రేలిస్టింగ్ (కొత్తవాళ్ల మెయిల్‌ను మొదట తాత్కాలికంగా తిప్పడం) మినహాయించండి. బ్యాకప్ అందించే మంచి మెయిల్ కూడా ఎస్‌పీఎఫ్ కంటికి దొంగ మెయిల్‌లా కనిపించవచ్చు. దాని నుంచి వచ్చిన స్పామ్‌ను తిప్పికొట్టకుండా స్పామ్ ఫోల్డర్‌లో వేయండి.

6. క్యూలో మెయిల్ ఉండే గడువు మామూలుగా 5 రోజులు. 'మ్యాగ్జిమల్ క్యూ లైఫ్‌టైమ్'ను 10 రోజులకు పెంచుకోవచ్చు.

7. పరీక్షించకుండా వదలకండి. అసలు సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ ఆపి, జీమెయిల్ నుంచి ఒక మెయిల్ పంపండి. బ్యాకప్ క్యూలో అది కనిపించాలి. అసలు సర్వర్‌ను లేపి, క్యూను ఫ్లష్ చేస్తే (ఉన్నవాటిని వెంటనే పంపమంటే) ఇన్‌బాక్స్‌కి చేరాలి. తర్వాత లేని అడ్రస్ ఒకటి ఇచ్చి నేరుగా బ్యాకప్‌కే పంపి చూడండి. అక్కడికక్కడే 550 (ఆ అడ్రస్ లేదనే కోడ్) అని తిరస్కరించాలి. తీసుకుందంటే నాలుగో అంచెకి వెళ్లి మళ్లీ చూసుకోండి.