తోడుండటం నేర్చుకుందాం – మూడో పాఠం: "ఇది నాకెవరి నుంచి వచ్చిందక్కా?"

సుఖవ్యాధి ఉందని తెలిసిన అమ్మాయి మాట్లాడుతుంటే అడ్డు రాకుండా వినడం గత పాఠంలో సాధన చేశాం. ఆ తర్వాత తరచూ వచ్చే ప్రశ్న ఇది.

"నువ్వెవరితోనైనా..." అని మొదలుపెట్టారో, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. "అయ్యో, నీలాంటి మంచిపిల్లకా!" అన్నా అంతే. మిగతావాళ్లంతా చెడ్డవాళ్లనే తీర్పు అందులో ఉంది.

జవాబు చెప్పాలంటే జబ్బు సంగతి కాస్త తెలియాలి. హెర్పిస్‌నే తీసుకోండి. వైరస్ ఒంట్లో చేరాక నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచినా పుండు కనిపించకపోవచ్చు. పుండ్లు లేని మనిషి నుంచీ అంటవచ్చు. ఈ నెల బయటపడిందని ఈ నెలే ఎవరో మోసం చేశారనుకోలేం. భర్తను తప్ప ఎవరినీ ఎరగని అమ్మాయికీ వస్తుంది. అందుకే, "ఎప్పుడు వచ్చిందో ఈ రిపోర్టును బట్టి చెప్పలేమమ్మా. ముందు నీ వైద్యం చూద్దాం" అనండి. ఆమె భర్తను వెనకేసుకు రావద్దు, దోషినీ చెయ్యొద్దు. ఆ పని మనది కాదు.

తర్వాత "తగ్గుతుందా?" అంటుంది. ఇక్కడ తీపి అబద్ధం వద్దు. సిఫిలిస్, గనేరియా, క్లామిడియా సరైన మందులతో నయమవుతాయి. హెర్పిస్ వైరస్ ఒంట్లోనే ఉండిపోతుంది, కానీ ఎసైక్లోవిర్ లాంటి మందులతో అదుపులో ఉంటుంది. పెళ్లి, పిల్లలు అన్నీ కుదురుతాయి, గర్భం వస్తే డాక్టరుకు ముందే చెప్పాలి. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో వైద్యం ఉచితం. ఫోన్‌లో అడగాలంటే 1097.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే మాత్రం తొందరపడకండి. ఆమెకు 18 ఏళ్లు నిండకపోతే ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు తెలపాలి. ఆ మాట ముందే చెప్పడం మర్యాద. ఏ వయసులోనైనా బలవంతం జరిగిందంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ ఆమె చేస్తానంటే పక్కన కూర్చోండి.

సాధన: ఒక స్నేహితురాలిని ఆ రెండు ప్రశ్నలూ అడగమనండి. మీ జవాబు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "కానీ", "అసలు" అన్న మాటలు ఎక్కడ దొర్లాయో గుర్తుపెట్టుకుని, అవి లేకుండా మళ్లీ చెప్పండి. భర్తకు ఈ సంగతి ఎలా చెప్పాలన్నది నాలుగో పాఠంలో.