సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్: ఇంటి బడ్జెట్ తలకిందులు కాకుండా కొనడం ఎలా?

షోరూమ్‌లో ఉన్నప్పుడు మనకు అందని కారు, ఆరేడేళ్లు తిరిగాక ఓ మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. పెద్ద బ్రాండ్ల సెడాన్ల విలువ మొదటి కొన్నేళ్లలోనే బాగా పడిపోతుంది మరి. కానీ పడిపోయేది కారు ధర ఒక్కటే. దాని బ్రేక్ డిస్కులు, సెన్సర్లు, హెడ్‌లైట్లు ఇప్పటికీ ఖరీదైన కారు పార్టులే. సగం ధరకు కొన్నారని ఎవరూ సగం ధరకు రిపేర్ చేయరు. అందుకే, ఏ కారు కొనగలం అని కాకుండా ఏ కారు నడపగలం అన్న లెక్కతో మొదలుపెట్టాలి.

ముందు డబ్బు సంగతి

మీ దగ్గరున్న మొత్తాన్ని కారుకే పెట్టేయకండి. నాలుగో వంతు పక్కన ఉంచండి. పాత ఓనరు వాయిదా వేసిన పనులన్నీ మొదటి ఏడాదిలో మీ నెత్తిన పడతాయి. లోన్ తీసుకుంటే ఈఎంఐ కట్టాక కూడా నెలనెలా రిపేర్ల కోసం కొంత దాచగలగాలి. అది కుదరకపోతే ఒక మెట్టు కిందున్న మోడల్ చూసుకోవడమే మంచిది.

కారు చూడటానికి వెళ్లకముందే నాలుగు ధరలు కనుక్కోండి: ఇన్సూరెన్స్, నాలుగు టైర్లు, ముందు బ్రేక్ డిస్కులు-ప్యాడ్లు, బ్యాటరీ. సరిగ్గా ఆ మోడల్‌కే అడగాలి. చాలా బీఎండబ్ల్యూల్లో గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. వాటి ధర ఎక్కువ, పైగా చాలాసార్లు స్టెప్నీ ఉండదు. ఈ నాలుగు అంకెలు చూసి గుండె గుభేల్‌మంటే ఆ మోడల్ మీది కాదు.

బ్రాండ్‌ని కాదు, ఇంజిన్‌ని ఎంచుకోండి

నన్నడిగితే, కుటుంబం కోసం కొనేవాళ్లు మొదట చూడాల్సింది టయోటా వాళ్ల లగ్జరీ బ్రాండ్ లెక్సస్‌లోని ఈఎస్ మోడల్. లోపల ఉండేది చాలావరకు టయోటా క్యామ్రీ కుటుంబానికి చెందిన యంత్రాంగమే. ఈఎస్ 300హెచ్‌లో 2.5 లీటర్ల పెట్రోల్ హైబ్రిడ్ ఉంటుంది. నడపడంలో పెద్ద థ్రిల్ ఉండదు కానీ పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపడానికి కావాల్సింది థ్రిల్ కాదు కదా. చిక్కేమిటంటే, నమ్మకమైనదని అందరికీ తెలుసు కాబట్టి పాతదైనా ధర అంతగా దిగదు. ఆ ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు.

జర్మన్ కారే కావాలంటే బ్రాండ్ మొత్తాన్ని మంచిదనో చెడ్డదనో తేల్చేయొద్దు. ఒకే బాడీలో మంచి ఇంజిన్, తలనొప్పి ఇంజిన్ రెండూ వచ్చి ఉంటాయి. బీఎండబ్ల్యూలో ఎన్47 అనే 2 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) సమస్య ఉంది. ఆ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి మార్చడం చాలా పెద్ద పని. ఎన్20 పెట్రోల్‌లో చైన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగిన సందర్భాలున్నాయి. తర్వాత వచ్చిన బీ48 పెట్రోల్ ఇంజిన్‌కి మంచి పేరుంది. ఆడిలో 2010 ప్రాంతపు 2.0 టీఎఫ్ఎస్ఐ (2 లీటర్ల టర్బో పెట్రోల్) ఇంజిన్లు ఆయిల్ తాగేస్తాయి. మెర్సిడెస్‌లో ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదాని బదులు మామూలు స్టీల్ స్ప్రింగులున్నది దొరికితే కళ్లకు అద్దుకోండి. ఎయిర్ సస్పెన్షన్‌లో స్ప్రింగుల బదులు ఉండే గాలి తిత్తులు రబ్బరువి, వయసు మీద పడ్డాక లీకవుతాయి.

మీ ప్రయాణాలు ఎక్కువగా దగ్గర దూరాలైతే డీజిల్ వద్దు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండిలో అది మూసుకుపోతుంది.

ఇంకో మాట. టాప్ మోడల్ మీద మోజు తగ్గించుకోండి. మసాజ్ సీట్లు, వాటంతటవే మూసుకునే డోర్లు, పెద్ద గ్లాస్ రూఫ్, ఇవన్నీ పదేళ్లకు రిపేర్లే. మధ్యస్థంగా ఉన్న వేరియంట్‌లోనూ సీటు, నిశ్శబ్దం, భద్రత దాదాపు అవే ఉంటాయి.

కాగితాలు

తక్కువ కిలోమీటర్లు తిరిగి సర్వీస్ రికార్డు లేని కారు కంటే, ఎక్కువ తిరిగినా ప్రతి బిల్లూ ఉన్న కారే మేలు. బిల్లుల మీద తేదీలు, కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ ఉన్నాయో లేదో చూడండి. మీటర్ వెనక్కి తిప్పినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు.

ఓనరుని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? బీఎండబ్ల్యూ చాలా మోడళ్లలో అది జీవితకాలం పనిచేస్తుందని చెప్పింది. కానీ వాటిలో చాలావాటికి 8 స్పీడ్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం వాడకాన్ని బట్టి 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. అడగకముందే మార్పించిన ఓనరు దొరికితే, ఆ కారుని ఎంత బాగా చూసుకున్నాడో దాంతోనే తెలిసిపోతుంది.

ప్రతి కారుకీ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉన్న విన్ (ఛాసిస్) నంబరు కాగితాల మీద, బాడీ మీద ఒకటే ఉండాలి. ఆ నంబరుతో రీకాల్ పనులేమైనా (లోపముందని కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసేవి) మిగిలిపోయాయేమో కంపెనీ దగ్గర చూసుకోండి. తకాటా కంపెనీ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి, లెక్సస్ కార్లు కూడా ఉన్నాయి. మిగిలి ఉంటే మార్పించకుండా పిల్లల్ని ఎక్కించకండి.

కారు చూసే రోజు

పగటి వెలుతురులో వెళ్లండి. మీరొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అనుకోవాలి. చల్లటి ఇంజిన్ మొదలైనప్పుడు గలగలమనే చప్పుడు చైన్ గురించి, నీలిరంగు పొగ ఆయిల్ గురించి చెబుతాయి.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. అడుగున బురద మరకలుంటే ఆ కారు వరదలో మునిగిందేమో అని గట్టిగా అనుమానించాలి. సన్‌రూఫ్ ఉంటే కార్పెట్ల కింద తడి చూడండి. నీళ్లు పోయే గొట్టాలు పూడుకుపోతే ఆ నీరు లోపలికి దిగి ఎలక్ట్రానిక్స్‌ని పాడుచేస్తుంది. టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగు టైర్లూ నాలుగు చవక బ్రాండ్లవైతే మిగతా చోట్లా అలాగే పిసినారితనం చేసి ఉంటారు.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లోవాళ్లందర్నీ తీసుకెళ్లండి. అమ్మానాన్నలు దిగి ఎక్కడానికి సీటు మరీ కిందకుందా, పిల్లల సీటు సరిగ్గా పడుతుందా అన్నది అప్పుడే తేలాలి. కనీసం అరగంట నడపండి. గేర్లు కుదుపు లేకుండా మారాలి, బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకకూడదు.

మీ మెకానిక్ చేత చూపించండి

ఇది మాత్రం వదలొద్దు. అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, ఆ బ్రాండ్ మీదే పనిచేసే, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి కావాలి. కారు కంప్యూటర్లలో నమోదైన ఎర్రర్లు చదివే పరికరం స్కానర్. చవక స్కానర్ చాలావరకు ఇంజిన్ లోపాలే చూపిస్తుంది. బ్రాండ్‌కి సంబంధించిన స్కానర్ కారులోని అన్ని కంప్యూటర్లనూ చదువుతుంది. నిన్ననే ఎర్రర్లు చెరిపేసి ఉంటే, కారు తనను తాను పరీక్షించుకోవడం ఇంకా పూర్తికాలేదని అందులో కనిపిస్తుంది. పరీక్షకు ఒప్పుకోని ఓనరుతో బేరం పెట్టుకోకండి, ఎంత మంచి ధర చెప్పినా సరే. ఒప్పుకుంటే ఆ రిపోర్టులోని పనుల ఖర్చు లెక్కేసి, ధరలో తగ్గించమని అడగండి.

బేరం కుదిరాక రెండో తాళం చెవి చేతికి తీసుకోండి, ఈ కార్లకు కొత్తది చేయించడం చాలా ఖరీదు. పాత లోన్ తీరిందన్న కాగితం చూశాకే మొత్తం డబ్బు ఇవ్వండి. మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించి, ఆ బిల్లులు పాత ఫైల్లోనే పెట్టండి. రేపు మీ దగ్గర కొనేవాళ్లు కూడా అవే అడుగుతారు.