స్కీ బూటు కరుస్తోందా? పెద్ద సైజు అడిగే ముందు ఇవి చూడండి

స్కీ రిసార్టులో అద్దె బూట్లు తీసుకున్నవాళ్లు మొదటి రోజు మధ్యాహ్నానికే వెనక్కి వచ్చి అడిగేది ఒకటే: "వేళ్లు నొక్కుకుపోతున్నాయి, ఒక సైజు పెద్దది ఇవ్వండి." పెద్దది వేసుకుని వెళ్తారు. సాయంత్రానికి నొప్పి ఇంకా ముదురుతుంది. చాలాసార్లు ఆ బూటు చిన్నది కానే కాదు, మొదటి నుంచీ పెద్దదే. ఆ సంగతి వివరంగా చెబుతాను. దానికంటే ముందు రెండు నిమిషాల పని ఒకటి ఉంది. దయచేసి దాన్ని దాటేయకండి.

ముందు బూటు విప్పి చూడండి

బూటు లోపల మీ కాలు, ఒక్క పల్చటి స్కీ సాక్సు తప్ప ఇంకేమీ ఉండకూడదు. థర్మల్ పైజామా అంచు లోపలికి దూర్చారా? మామూలు సాక్సు మీద ఇంకో మందపాటి సాక్సు వేశారా? సాక్సు కిందికి జరిపి ముంగాలు (మోకాలి కింద కాలి ముందు భాగం) చూడండి. థర్మల్ కుట్టు గీతో, సాక్సు మడతో చర్మం మీద ఎర్రగా అచ్చు దిగి ఉంటే కారణం దొరికినట్టే. బూటు బయటి గట్టి ప్లాస్టిక్ డొప్ప, అంటే షెల్, ఎటూ సాగదు కాబట్టి ఆ మడత రోజంతా ఎముకలోకి గుచ్చుకుంటూనే ఉంటుంది. థర్మల్‌ను బూటు అంచుకు పైకి మడవండి. స్కీ ప్యాంటు లోపలి సాగే పట్టీని బూటు బయట వేయండి. రెండు సాక్సులతో వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. అవి కాలిని బిగించి నెత్తురు నడవనివ్వవు, వేళ్లు ఇంకా చల్లబడతాయి.

కాలిగోళ్లు పెరిగి ఉంటే కత్తిరించండి. లైనర్ (షెల్ లోపల ఉండే మెత్తటి తొడుగు) నాలుక పక్కకు ఒరిగిందేమో, దాని అంచు లోపలికి మడతపడిందేమో వేలితో తడిమి చూడండి.

తర్వాత వేసుకునే పద్ధతి. కాలు పెట్టాక మడమను నేలకేసి రెండు మూడుసార్లు గట్టిగా కొట్టండి, అది వెనక గుంటలో కూర్చోవాలి. మోకాలు ముందుకు వంచి పై బకిళ్లు ముందు పెట్టండి, ఆ తర్వాత మీగాలు మీది బకిల్. వేళ్ల దగ్గరి బకిల్ ఊరికే మూసుకుంటే చాలు, దాన్ని బిగించడం వల్ల ఒరిగేదేమీ లేదు. చాలామంది కింది నుంచి పైకి బిగిస్తూ వస్తారు. అలా చేస్తే మడమ వెనక్కి చేరకముందే పాదం ముందుకు ఇరుక్కుపోతుంది.

నిటారుగా నిలబడితే బొటనవేలి కొస లైనర్‌కు తగులుతుంది. అది తప్పేమీ కాదు. మోకాళ్లు వంచి ముంగాలును నాలుకకు ఆనిస్తే ఆ కొస కొద్దిగా వెనక్కి జరగాలి. జరిగితే బూటు సరిపోయినట్టే. నిటారుగా నిలబడినప్పుడు తగిలిందని బూటు మార్చకండి.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా వేళ్లు నొప్పి, తిమ్మిరి, అరికాలు పీకడం

ఈ మూడూ కలిసి వచ్చాయంటే ముందుగా అనుమానించాల్సింది పెద్ద బూటునే. వినడానికి తలకిందులుగా ఉంటుంది, అందుకే ఎవరూ అటు చూడరు.

లోపల జరిగేది ఇదీ. బూటు పొడవు ఎక్కువైతే మడమను పట్టి ఉంచేది ఉండదు. దిగుడులో ప్రతి మలుపుకీ పాదం ముందుకు జారి వేళ్లు గోడకు కొట్టుకుంటాయి. రోజుకు కొన్ని వందల మలుపులు. సాయంత్రానికి బొటనవేలి గోరు కింద నీలం మచ్చ. జారకుండా ఉండాలని వేళ్లు వాటంతటవే నేలను పట్టుకున్నట్టు ముడుచుకుంటాయి, దాంతో అరికాలి కండరం పట్టేస్తుంది. స్కీ మాట వినడం లేదని మనిషి మీగాలు బకిల్‌ను ఇంకో పన్ను (బకిల్ తగులుకునే గాటు) బిగిస్తాడు. మీగాలి మీద కండ ఉండదు. వేళ్లకు వెళ్లే ధమని, నరాలు అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్యనే నడుస్తాయి. బకిల్ వాటిని నొక్కేస్తే వేళ్లు మొద్దుబారతాయి, చల్లబడతాయి. మనిషికి మాత్రం "బిగుతు" ఒక్కటే తెలుస్తుంది. ఇంకో సైజు పెద్దది అడుగుతాడు. మళ్లీ మొదటికే.

పెద్ద బూటు అంటగట్టేది మామూలు చెప్పుల నంబరు. వీధి బూట్లలో వేళ్ల ముందు ఖాళీ కలిపి ఉంటుంది. స్కీ బూటుకు వాడే మాండోపాయింట్ సైజు అంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. గోడకు మడమ ఆనించి, బరువంతా వేసి నిలబడి, అన్నిటికంటే పొడుగు వేలి కొస దాకా కొలవండి. రెండు కాళ్లూ కొలవండి. 26.3 వస్తే మీది 26.5. "కాస్త వదులుగా ఉంటే మంచిది" అని 27.5కు వెళ్లొద్దు. ఇంకో సంగతి: చాలా కంపెనీల్లో 26కూ, 26.5కూ బయటి షెల్ ఒక్కటే, తేడా లోపలి ఇన్సోల్‌లోనో లైనర్‌లోనో ఉంటుంది. అరసైజు మార్చి షెల్ మారిందనుకుంటే మోసపోతారు.

తేల్చుకునే పరీక్ష ఇది. లైనర్ బయటికి లాగి, పల్చటి సాక్సుతో ఖాళీ షెల్‌లో కాలు పెట్టండి. వేళ్లు ముందు గోడకు ఆనేదాకా జరపండి. మోకాలు వంచి మడమ వెనక ఖాళీ చూడండి. 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే సరి. స్కేలు లేకపోతే పెన్సిళ్లు వాడండి: రెండు పక్కపక్కన పట్టాలి, మూడు కష్టంమీద పట్టొచ్చు. నాలుగు దూరిపోతే ఆ బూటు మీది కాదు.

లైనర్ తీసే వీల్లేకపోతే బకిళ్లు చూడండి. అన్నీ చివరి పన్ను దాకా వెళ్లి, ఇంకా వదులుగానే ఉంటే బూటు పెద్దది. బకిళ్లు పెట్టి ముందుకు వంగినప్పుడు మడమ స్పష్టంగా పైకి లేచినా అంతే.

పరిష్కారం చిన్న సైజే. అద్దె బూట్ల లైనర్ ఎందరో తొడిగి అణగిపోయి ఉంటుంది కాబట్టి, రెండింటి మధ్య తేలకపోతే చిన్నది తీసుకోండి. కొత్త బూటు కొంటుంటే కూడా ఇదే మాట: కొన్ని రోజులు వాడేసరికి లైనర్ నొక్కుకుని వదులవుతుంది. ఆరోజుకు మార్చడం కుదరకపోతే లైనర్ కింద మడమ దగ్గర 3 నుంచి 5 మిల్లీమీటర్ల మెత్త పెట్టి, మీగాలు బకిల్ ఒక పన్ను సడలించి, పై బకిళ్లు బిగించి నెట్టుకురండి.

బూటు మారితే మాత్రం ఒకటి మరవకండి. మడమ పక్కన ప్లాస్టిక్ మీద మిల్లీమీటర్లలో బూటు అడుగుభాగం పొడవు అచ్చువేసి ఉంటుంది, 305 లాగా. ఆ అంకె మారితే బైండింగ్‌ను, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును, టెక్నీషియన్ మళ్లీ సరిచేయాల్సిందే. కౌంటర్‌కు వెళ్లేటప్పుడు స్కీలు కూడా తీసుకెళ్లండి. సరిచేయని బైండింగ్ పడినప్పుడు ఊడకపోవచ్చు, ఊడకూడనప్పుడు ఊడొచ్చు. మోకాలు పోయేది అక్కడే.

ఒక్కచోటే పోటు

చీలమండ ఎముక మీదో, చిటికెనవేలి మొదట్లోనో పోటు ఉంటే అది పొడవు సమస్య కాదు. పాదం వెడల్పైతే 102 మిల్లీమీటర్ల వెడల్పున్న మోడల్ అడగండి, సైజు పెంచకండి. సొంత బూటైతే బూట్ ఫిట్టర్ ఆ చోట షెల్‌ను వేడిచేసి బయటికి సాగదీస్తాడు. అప్పటిదాకా ఎముక చుట్టూ వలయంలా ఫోమ్ అంటించండి. ఎముక మీదే అంటిస్తే పోటు పెరుగుతుంది.

ముంగాలు కమిలిపోవడం

పై బకిళ్లు వదులుగా ఉండి కాలు ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం, లేదా వెనక్కి వాలి స్కీ చేయడం. పై పట్టీని నాలుకకు దగ్గరగా బిగించండి.

నొప్పి లేదు, చలి మాత్రమే

నిన్నటి తడి. రాత్రి లైనర్లు బయటికి తీసి గదిలో ఆరబెట్టండి, హీటరు మీద మాత్రం పెట్టొద్దు. బూట్లు కారులో వదిలేస్తే పొద్దునకు ప్లాస్టిక్ బిగుసుకుపోయి కాలే దూరదు. లిఫ్టులో పైకి వెళ్లేటప్పుడు మీగాలు బకిల్ వదిలేయండి, పైకి చేరాక పెట్టుకోండి.

స్నోబోర్డు బూట్లకు

పెద్ద సైజు గొడవ ఇక్కడా అదే, గుర్తు మడమ లేవడం. వేళ్లు మొద్దుబారితే బైండింగ్ చీలమండ పట్టీని రెండు పళ్లు వదిలి చూడండి.

నరం వాపు, రక్తనాళాల జబ్బు, పాదం ఆకారంలో తేడా లాంటివి అరుదు. సరైన సైజు బూటు వేసుకున్నా నాలుగు రోజులు తిమ్మిరి వదలకపోతే డాక్టర్‌కు చూపించండి. బూటు విప్పాక వేలు తెల్లగా పాలిపోయి, ముట్టుకున్నా తెలియకపోతే ఆరోజుకు స్కీయింగ్ ఆపేయండి. లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, రుద్దొద్దు, మళ్లీ చలిలోకి రావొద్దు. స్పర్శ తిరిగి రాకపోతే వెంటనే రిసార్టు వైద్య కేంద్రానికి వెళ్లండి.