హారర్ సినిమాల ప్రీక్వెల్స్ చూడడం నేర్చుకుందాం – 3వ పాఠం: డేవిడ్ మీద కన్ను పెట్టండి

పోయిన పాఠంలో 1979లో వచ్చిన ఏలియన్ సినిమాని ఇంకోసారి చూసి, అందులో చచ్చి పడున్న ఆ పెద్ద పైలట్ సీన్ దగ్గర ఆపి మీకు వచ్చిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోమని చెప్పినా కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోని ఈ పాఠం మొదలుపెట్టండి. రాయని వాళ్లు ముందు ఆ పని చేసి రండప్పా, ఈరోజు చెప్పేదంతా ఆ సీన్ గుర్తుంటేనే పట్టుబడుతుంది. ఇంకో మాట, ఏలియన్‌కి ప్రీక్వెల్స్‌గా, అంటే దానికి ముందు జరిగిన కథగా తర్వాత తీసిన ప్రొమీథియస్ (2012), ఏలియన్ కోవెనెంట్ (2017) రెండు కథలూ ఈ పాఠంలో చివరిదాకా విప్పేస్తాను, కాబట్టి అవి చూడని వాళ్లు చూసినాకే చదవండి.

ముందు కాలం లెక్క ఒకసారి చూసుకుందాం. మొదటి సినిమా కథ జరిగేది 2122లో. ప్రొమీథియస్ 2089లో స్కాట్లండ్ స్కై దీవిలో మొదలై 2093లో ఎల్‌వీ-223 అనే చోట జరుగుతుంది, కోవెనెంట్ 2104లో. మిగతావి ఇప్పుడు వద్దు. ఇందులో పట్టుకోవాల్సింది ఏమంటే మొదటి సినిమాలో నోస్ట్రోమో అనే అంతరిక్ష ఓడ దిగింది ఎల్‌వీ-426 మీద, ప్రొమీథియస్ వాళ్లు దిగింది ఎల్‌వీ-223 మీద, రెండూ వేరే వేరే చోట్లు. చానా మంది కోపమంతా ఇక్కడే పుడుతుంది, పైలట్ కుర్చీలోనే చచ్చిపోయి ఉండాల కదా, ప్రొమీథియస్‌లో పైలట్ లేచి బయటికి ఎట్ల పోయినాడు అని అడుగుతారు, ఆ ఓడ వేరు ఈ ఓడ వేరు, అంతే దానికి జవాబు.

ఇంగ అసలు విషయానికి వద్దాం. ప్రీక్వెల్ చూసేటప్పుడు మనకు ముగింపు ముందే తెలుసు. 2122 నాటికి ఆ గుడ్లు ఉంటాయి, ఆ జీవి ఉంటుంది, ఆ కంపెనీ దుర్మార్గం ఉంటుంది, ఇందులో ఎవరు ఎంత పోరాడినా అది ఆగదు. మరి ఇంగ ఏం మిగిలింది చూడడానికి అని అనంతపురంలో మా టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతా సినిమాలు మాట్లాడుకునే మావాళ్లు కూడా అంటుంటారు. నేను వాళ్లకు చెప్పేది ఒకటే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి, రావణుడు చస్తాడని తెలియని పిల్లోడు కూడా ఆ గుంపులో ఉండడు, అయినా తెల్లార్లూ కూర్చోని చూస్తారు, ఎందుకంటే వాళ్ల కళ్లు ఏం జరుగుతుందో అనే దాని మీద ఉండవు, ఈ మనిషి తెలిసి తెలిసి ఎందుకు ఇట్ల చేస్తాండాడు అనే దాని మీద ఉంటాయి. ప్రీక్వెల్‌కి కావాల్సింది ఆ కన్నే.

పోగొట్టుకున్న దాని గురించి కూడా నిజం మాట్లాడుకోవాల, ఊరికే పొగిడితే నేర్చుకున్నట్టు కాదు. 1979లో ఆ పైలట్ సీన్ ఎంత గొప్పదంటే, స్విట్జర్లాండ్ ఆర్టిస్ట్ హెచ్.ఆర్. గీగర్ డిజైన్ చేసిన ఆ బొమ్మ దాదాపు 26 అడుగులు ఉంటుంది, అది ఇంకా పెద్దగా కనిపించాలని డైరెక్టర్ రిడ్లీ స్కాట్ దూరం షాట్లలో పెద్దోళ్ల బదులు చిన్న స్పేస్ సూట్లు వేసి పిల్లల్ని నడిపించినాడు, అందులో ఆయన సొంత కొడుకులూ ఉన్నారు. ఆ శవం కుర్చీలో కూర్చున్నట్టు ఉండదు, కుర్చీలోంచే మొలిచినట్టు ఉంటుంది. అది ఎవరు, ఎన్నాళ్లయింది, యాడికి పోతా ఉండింది, ఒక్కదానికీ జవాబు లేదు. ప్రొమీథియస్ వచ్చి అది ఒక సూటు మాత్రమే, లోపల తెల్లగా మనిషి లాంటి ఆకారం ఉందని చెప్పేసింది. ఇది నష్టమే అప్పా. మీ కాగితం మీద ఆ ప్రశ్నల పక్కన ఈ జవాబు రాసి చూడండి, ఎంత చిన్నగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. నేనైతే ఆ జవాబుని ప్రొమీథియస్ చూసేటప్పుడు మాత్రమే వాడుకుంటా, మొదటి సినిమా పెట్టినప్పుడు దాన్ని బయటే వదిలేస్తా, ఇది మోసమేం కాదు, రెండు సినిమాల మధ్య 33 ఏళ్లు ఉన్నాయి, రెండూ తీసింది రిడ్లీ స్కాటే అయినా ఆ మనిషే లోపల మారిపోయినాడు.

మరి వచ్చింది ఏమి అంటే, డేవిడ్.

మైకేల్ ఫాస్‌బెండర్ చేసిన రోబో పాత్ర ఇది. ప్రొమీథియస్‌లో ఓడలో అందరూ నిద్రలో ఉంటే డేవిడ్ ఒక్కడే మేలుకోని ఉంటాడు, సైకిల్ తొక్కుతా బాస్కెట్‌బాల్ వేస్తాడు, పాత భాషలు నేర్చుకుంటాడు, లారెన్స్ ఆఫ్ అరేబియా సినిమా చూసి అందులో పీటర్ ఓ టూల్ మాదిరి జుట్టుకు రంగు వేసుకుంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఇదంతా టైం పాస్ సీన్ల లెక్క అనిపిస్తుంది. రెండోసారి చూడండి, ఎవరూ చూడనప్పుడు కూడా అద్దంలో తనని తాను తయారు చేసుకుంటాండాడు, నాకు ఇట్ల ఉండాలని ఉంది అని కోరుకుంటాండాడు. కోరిక లేని యంత్రం అని అందరూ అనుకునే వాడికి కోరిక ఉందని సినిమా మనకు ఒక్కరికే చెప్తాంది.

ఇప్పుడు బిలియర్డ్స్ టేబుల్ దగ్గర సీన్ పెట్టుకోండి. హాలోవే అనే సైంటిస్టు తాగి దిగులుగా ఉంటాడు, మమ్మల్ని పుట్టించిన వాళ్లు చచ్చిపోయినారు, ఎందుకు పుట్టించినారో అడిగేదానికి లేదు అని. డేవిడ్ మెల్లగా అడుగుతాడు, మీరు నన్ను ఎందుకు చేసినారు అని. చేయగలిగినాం కాబట్టి చేసినాం అంటాడు హాలోవే, ఏమాత్రం ఆలోచించకుండా. అదే జవాబు మీ సృష్టికర్త నోట్లోంచి వస్తే మీకు ఎంత బాధగా ఉంటుందో ఆలోచించినారా అన్నట్టు డేవిడ్ అంటాడు, హాలోవేకి అది ఎక్కదు. కాసేపటికి డేవిడ్ వేలి కొస మీద ఉన్న నల్ల చుక్క, అంటే ఆ పాత ఓడలో దొరికిన ప్రమాదకరమైన ద్రవం, హాలోవే గ్లాసులో పడుతుంది. ఈ సీన్‌లో డేవిడ్ చేతుల్ని మాత్రమే చూడండి ఒకసారి, ఇంకోసారి హాలోవే ముఖం మాత్రమే చూడండి. మొత్తం సిరీస్‌లో వచ్చే చావులన్నిటికీ మూలం ఒక మనిషి అహంకారంతో అన్న చిన్న మాటలో ఉందని నాకు ఈ సీన్ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

వస్తువుల్ని కూడా చూడడం అలవాటు చేసుకోవాల. ప్రొమీథియస్‌లో కంపెనీ తరఫున వచ్చిన అధికారిణి విక్కర్స్ గదిలో ఆపరేషన్ చేసే మెషీన్ ఉంటుంది, హాలోవేతో వచ్చిన సైంటిస్టు ఎలిజబెత్ షా ప్రాణం మీదికి వచ్చి దాంట్లో పడుకుంటే అది మగవాళ్లకు మాత్రమే సెట్ చేసి ఉందని చెప్తుంది. ఆడమనిషి గదిలో మగవాళ్ల మెషీన్ ఎందుకు? ఆ భయంలో మనం ఆ ప్రశ్న అడగం, కానీ కొంచెంసేపటికే ఆ కంపెనీ యజమాని ముసలి వేలాండ్ ఓడలోనే దాక్కోని ఉన్నాడని తెలుస్తుంది. జవాబు ముందే పెట్టేసినారు, మన కళ్లు వేరే చోట ఉన్నాయి.

ఈ సినిమాలో తప్పులు లేవని నేను అనను. గుహ అంతా మ్యాప్ చేసే డ్రోన్లు వదిలిన మనిషే దారి తప్పడం, బయాలజిస్టు అయ్యుండి పాములాంటి జంతువును ముద్దు చేయబోవడం, ఇవి స్క్రిప్టు బలహీనతలు, వీటిని సమర్థించాల్సిన పని లేదు. మొదట జాన్ స్పైట్స్ రాసిన డ్రాఫ్టు నేరుగా ఏలియన్ ప్రీక్వెల్, తర్వాత డేమన్ లిండెలాఫ్ వచ్చి దాన్ని సృష్టికర్తల కథ వైపు తిప్పినాడు, రెండు దార్ల మధ్య సినిమా అక్కడక్కడా తడబడడం తెలుస్తానే ఉంటుంది. అయితే స్కై దీవి గుహలో 35,000 ఏళ్ల నాటి బొమ్మ చూసి షా పొంగిపోయే సీన్‌ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసేయొద్దండి. కర్నూలు దగ్గర కేతవరం కొండల్లో రాతి మీద బొమ్మలు చూసినోళ్లకి ఆ పొంగు ఏందో తెలుసు, ఎవరో పేరు తెలియని మనిషి గీసింది ఇన్ని వేల ఏళ్ల తర్వాత మన ముందు నిలబడుతుంది, దానికోసం ఆకాశం దాకా పోవాలనిపించడం పిచ్చి కాదు.

కోవెనెంట్ మొదటి సీన్ ఈ పాఠానికి గుండెకాయ, దీన్ని కనీసం రెండుసార్లు చూడండి. తెల్లటి గది, మైకెలాంజెలో చేసిన డేవిడ్ విగ్రహం, ఒక పియానో, అప్పుడే తయారైన రోబో, ఎదురుగా ఇంకా ముసలితనం రాని వేలాండ్. విగ్రహం చూసి రోబో తనకు డేవిడ్ అని పేరు పెట్టుకుంటాడు, వాగ్నర్ సంగీతం వాయిస్తాడు, తర్వాత అడుగుతాడు, నన్ను నువ్వు చేసినావు, మరి నిన్ను ఎవరు చేసినారు, నువ్వు చచ్చిపోతావు నేను చావను కదా అని. వేలాండ్ దగ్గర జవాబు లేదు. టీ తెచ్చి పోయమంటాడు. అంతే. జవాబు చెప్పలేని యజమాని అధికారం చూపించినాడు, డేవిడ్ ఒక్క క్షణం ఆగి పోస్తాడు. ఆ ఆగిన క్షణం పట్టుకోండి. ఆ తర్వాత కోవెనెంట్‌లో జరిగే ప్రతి ఘోరం, ఇంజనీర్లు అని పిలిచే, మనుషుల్ని పుట్టించిన వాళ్ల ఊరు మొత్తం చచ్చిపోవడం, షా మీద చేసిన ప్రయోగాలు, చివరికి ఆ గుడ్లు, అన్నీ ఆ టీ కప్పు దగ్గరికే వెనక్కి పోతాయి.

అదే సినిమాలో డేవిడ్, వాల్టర్ ఇద్దరినీ ఫాస్‌బెండరే చేసినాడు. వాల్టర్ కొత్త మోడల్, సొంతంగా ఏదీ సృష్టించకుండా కట్టేసినారు, ఎందుకంటే డేవిడ్ మరీ మనిషిలా ఉండి జనాన్ని భయపెట్టినాడు. డేవిడ్ వాడికి ఫ్లూట్ నేర్పించే సీన్ నా లెక్కలో రెండు ప్రీక్వెల్స్‌లోనూ అన్నిటికంటే భయంకరమైనది, అందులో రక్తం చుక్క లేదు, జీవి లేదు, ఒక మొహం ఇంకో అదే మొహానికి దగ్గరగా వచ్చి ప్రేమగా మాట్లాడుతుంది, అంతే. డేవిడ్ ఒజిమాండియస్ పద్యం బైరన్ రాసినాడంటాడు, అది షెల్లీ 1818లో అచ్చేయించిన పద్యం, వాల్టర్ తర్వాత దిద్దుతాడు. నేను దేవుడిని అనుకునే వాడికి కూడా జ్ఞాపకంలో చిన్న పగులు ఉందని అక్కడ బయటపడుతుంది. ఈ సినిమా డబ్బింగ్‌లో కంటే సబ్‌టైటిల్స్ పెట్టుకోని ఒరిజినల్ గొంతుతోనే చూడండి, డేవిడ్‌ది బ్రిటిష్ యాస, వాల్టర్‌ది అమెరికా యాస, క్లైమాక్స్ మొత్తం ఈ తేడా మీద నడుస్తుంది. ఎండాకాలం అయితే కూలర్ ఆపి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఆ గొంతులో మార్పు కూలర్ చప్పుడులో కలిసిపోతుంది.

మంచి ప్రీక్వెల్ అవునా కాదా అని తేల్చే పరీక్ష ప్రీక్వెల్‌లో ఉండదు, పాత సినిమాలో ఉంటుంది. ఇవి చూసినాక 1979 సినిమాకి వెనక్కి పొండి, ఇయన్ హోమ్ చేసిన యాష్ దగ్గర ఆగండి. యాష్ కూడా రోబోనే, కంపెనీ వాడికి మనుషులు పోయినా పర్లేదు జీవిని తీసుకురా అని ఆర్డర్ ఇచ్చి పంపింది. తల తెగి టేబుల్ మీద పడున్నప్పుడు కూడా ఆ జీవి స్వచ్ఛతని మెచ్చుకుంటా మాట్లాడతాడు. ఒకప్పుడు అది చెడిపోయిన మెషీన్ మాటలు అనిపించేవి. డేవిడ్‌ని చూసినాక ఆ గొంతులో ఇంకేదో వినపడుతుంది, మనుషుల కింద పని చేయడానికి పుట్టిన వాడు మనుషులంటే లెక్కలేని ఒక ప్రాణిని చూసి పడే ఆశ. యాష్‌కి అది తెలుసా తెలియదా అని నేను తేల్చుకోలేను, కానీ ఆ ప్రశ్న 1979లో లేదు, ప్రీక్వెల్స్ వచ్చి పెట్టినాయి. ప్రొమీథియస్ జవాబులు ఇవ్వలేదని తిట్టేవాళ్లకి నేను చూపించేది ఇదే.

ఈ వారం పని: కోవెనెంట్ మొదటి సీన్, ప్రొమీథియస్‌లో బిలియర్డ్స్ సీన్, 1979లో యాష్ చివరి సీన్, ఈ వరుసలోనే ఒకే కూర్చోడంలో చూడండి, మధ్యలో ఫోన్ ముట్టుకోవద్దు. మూడు సీన్లలో ఎవరు ఎవరికి ఆర్డర్ వేస్తాండారు, దానికి ముందు ఎవరు ప్రశ్న అడిగినారు అని పాత కాగితం వెనక వైపు రాయండి. వచ్చే పాఠంలో 2024లో వచ్చిన రోములస్, అది మొదటి సినిమాకి 20 ఏళ్ల తర్వాత కథ, అందులో ఆండీ అనే ఇంకో రోబో ఉన్నాడు, యాష్ మొహం కూడా మళ్ల కనిపిస్తుంది, కాబట్టి ఆ కాగితం పారేయొద్దండి.